పోయిస్ తోటలో ఎవరి చరిత్ర?

ఇంగ్లీషు సాహిత్యంలో పెద్ద ఇళ్ళు చూడ్డానికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఎమ్మే ఇంగ్లీషు చదివిన వాళ్ళందరికీ గుర్తుండే సన్నివేశం జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లోది. ఎలిజబెత్ తన మేనమామ, అత్తలతో కలిసి డార్సీ గారి పెంబర్లీ భవనం చూడ్డానికి వెళుతుంది. ఇంటి పనులు చూసే పెద్దావిడ గదులన్నీ తిప్పి చూపిస్తూ యజమాని మంచితనాన్ని పొగుడుతుంది. ఆ తోటా, ఏరూ, గుట్టా చూశాక ఈ ఇంటికి ఇల్లాలు కావడం తక్కువ విషయమేమీ కాదని ఎలిజబెత్‌కి అనిపిస్తుంది. క్లాసులో ఇక్కడ మనం ఆగుతాం. పెళ్ళి ద్వారా తప్ప ఇల్లూ వాకిలీ దక్కని ఆడవాళ్ళ స్థితి గురించి మాట్లాడతాం.

ఆస్టెన్‌కి రెండొందల ఏళ్ళ ముందు, 1611లో, ఎమీలియా లాన్యర్ కుకమ్ అనే ఊళ్ళోని భవనం మీద ఒక పద్యం రాసింది. పెద్ద ఇంటినీ దాని తోటనీ వర్ణించే పద్యాల్లో అచ్చయిన మొదటిదిగా దాన్ని చెబుతారు. ఆ ఇల్లు ఆమెది కాదు, ఆమెను ఆదరించిన మార్గరెట్ క్లిఫర్డ్‌ది కూడా కాదు. ఆడవాళ్ళు కొంతకాలం ఉండి, వదిలి వెళ్ళిపోవలసి వచ్చిన ఇల్లు. మార్గరెట్ కూతురు ఆన్ క్లిఫర్డ్ తండ్రి 1605లో చనిపోతూ ఆస్తిని తమ్ముడికి రాసిపోతే, అది ఆమె చేతికి రావడానికి 1643 దాకా పట్టింది. 1928లో వీటా సాక్‌విల్-వెస్ట్ తండ్రి చనిపోయినప్పుడు ఆమె పుట్టి పెరిగిన నోల్ భవనం బాబాయికి వెళ్ళింది. ఆమె ఆడపిల్ల కాబట్టి. అదే ఏడు వర్జీనియా వుల్ఫ్ 'ఒర్లాండో' రాసి, ఆ ఇంటిని కథలోనైనా ఆమెకు తిరిగి ఇచ్చింది.

ఇల్లు దక్కని స్త్రీ గురించి స్త్రీవాద విమర్శ చాలా చెప్పింది. వుల్ఫ్ అడిగిన సొంత గది మన దగ్గర ఎన్ని వ్యాసాలకు, ఎన్ని కథలకు ఊపిరి పోసిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ నేను రెండో ప్రశ్న గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఇల్లు దక్కిన స్త్రీ సంగతేమిటి? ఇల్లుతో పాటు కలం, కాగితం, తీరిక, ప్రయాణం దక్కి, వాటితో ఆమె రాసి పెట్టిన రాతల్ని మనం ఎలా చదవాలి? ముఖ్యంగా ఆ ఇంటి గోడల్లో మన ఊళ్ళ డబ్బు కూడా ఉన్నప్పుడు?

ఇది నాకు పుస్తకాల్లో పుట్టిన ప్రశ్న కాదు. పని మీద వచ్చిన ప్రశ్న. స్త్రీల యాత్రా రచనల మీద ఒక పేపరుకి సిలబస్ తయారు చేసే బాధ్యత మా విభాగంలో నా మీద పడింది. నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' ఉండాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది హెన్రియెటా క్లైవ్ దగ్గర. 1800లో దక్షిణ భారతం తిరిగిన ఈమె డైరీ, ఉత్తరాలు నాన్సీ షీల్డ్స్ సంపాదకత్వంలో 'బర్డ్స్ ఆఫ్ పాసేజ్' పేరుతో 2009లో పుస్తకంగా వచ్చాయి. మరుగున పడిన స్త్రీ రచన కదా, పెట్టాల్సిందేనని కొందరు. క్లైవ్ కోడలి రాతలు మన పిల్లలకెందుకని కొందరు. రెండు వైపులా ఆవేశం ఉంది. నేను ఆమె ఇల్లు చూసి ఉన్నాను గనక, ఆ ఇంటి నుంచే మొదలుపెడతాను.

2019 జూన్‌లో చెల్లెలి పురుటికి అమ్మకు తోడుగా బర్మింగ్‌హామ్ వెళ్ళాను. బిడ్డకు మూడో నెల వచ్చాక ఒక ఆదివారం అందరం రైలెక్కి వేల్స్‌లోని వెల్ష్‌పూల్‌లో దిగాం. గంటన్నర ప్రయాణం. ఊరు దాటి, జింకలు తిరిగే పచ్చిక మైదానంలోంచి నడిస్తే గుట్ట మీద ఎర్ర రాతి కోట. వెల్ష్ భాషలో దాన్ని ఎర్ర కోట అనే అంటారట. పదమూడో శతాబ్దంలో ఒక వెల్ష్ రాజు కట్టించిన ఈ పోయిస్ కోటను 1587లో హెర్బర్ట్ కుటుంబం కొనుక్కుంది. ఇలాంటి వాటిని ఇంగ్లీషులో కంట్రీ హౌస్ అంటారు. మన మాటల్లో దివాణం అనొచ్చు, తెలంగాణలో అయితే గడి. 1952 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని చూసుకుంటోంది. టిక్కెట్టు కొని ఎవరైనా వెళ్ళొచ్చు.

తోట అందంగా ఉంది. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. కోట కింద కొండవాలుని మెట్లు మెట్లుగా తొలిచి, పదిహేడో శతాబ్దం చివర్లో వేసిన అంతస్తుల తోట అది. ఆ కాలంలో నాటిన యూ చెట్లు ఇప్పుడు పెద్ద పెద్ద ఆకుపచ్చ మేఘాల్లా గోడల మీదుగా పొర్లుతుంటాయి. ఆ ఆకారం నిలవాలంటే ప్రతి ఏటా వారాల తరబడి వాటిని కత్తిరించాలి. ఒక అంతస్తులో పిట్టగోడ మీద సీసంతో పోసిన గొర్రెల కాపరులూ, వాళ్ళ ఆడవాళ్ళూ నాట్యం చేస్తున్న భంగిమల్లో నిలబడి ఉంటారు. వాళ్ళ వెనక లోయ, ఆ లోయలో నిజమైన గొర్రెలు.

చెల్లెలు ఫోటోలు తీస్తుంటే అమ్మ బెంచీ మీద కూర్చుని ఆ పూలమళ్ళ వైపు చాలాసేపు చూసింది. "ఇంత తోటకి కలుపెవరు తీస్తారే?" అంది.

మాది మదనపల్లె. టమోటా తోటల్లో నడుం వంచి కలుపు తీసేవాళ్ళు, కాయలు కోసేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. అమ్మ చిన్నప్పుడు ఆ పని చేసింది. అందుకే ఆమె కంటికి పూలకన్నా ముందు పని కనిపించింది. 1973లో రేమండ్ విలియమ్స్ 'ది కంట్రీ అండ్ ది సిటీ'లో పెద్ద ఇళ్ళ మీది పద్యాల గురించి చెప్పిన విషయం ఇదే. ఆ పద్యాల్లో పళ్ళు వాటంతటవే పండి బల్ల మీదికొస్తాయి, పండించిన చేతులు మాత్రం మాయమవుతాయి. సీసపు గొర్రెల కాపరులు చేసే పని కూడా అదే. వాళ్ళు ఎప్పుడూ నాట్యం చేస్తుంటారు, ఒక్కరూ గొర్రెను కాయరు. ఇంగ్లండు పెద్ద తోటల పాత జమాఖర్చు పుస్తకాల్లో కలుపు తీసే ఆడవాళ్ళకు ఇచ్చిన రోజుకూలి లెక్కలుంటాయి. తోటపనిలో అన్నిటికన్నా తక్కువ కూలి వాళ్ళదే. చాలాచోట్ల వాళ్ళ గురించి మిగిలింది ఆ అంకె మాత్రమే.

అదే తోటలో పేరు మిగిలిన ఒక స్త్రీ ఉంది. నాలుగో ఎర్ల్ భార్య వయొలెట్. తన భర్త కన్నా ఈ తోట తన చేతుల్లోనే బాగుపడుతుందని 1911లో ఆమె పట్టుబట్టి బాధ్యత తీసుకుంది. కింద ఉన్న కూరగాయల మడిని కనబడకుండా వేరే చోటికి మార్పించి, అక్కడ పూలతోట వేయించింది. ఆమె పెద్ద కొడుకు 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. 1929లో ఆమె పోయింది. రెండో కొడుకు 1943లో యుద్ధంలోనే పోయాడు. వారసుడు లేని ఇంటిని ఆ తండ్రి ట్రస్టుకి అప్పగించి వెళ్ళాడు. ఈ కథ వింటే ఎవరికైనా మనసు కదులుతుంది. నాకూ కదిలింది. మగవాళ్ళ పేర్లతో నిండిన ఇంట్లో, ఒక ఆడమనిషి తన కష్టంతో, తన ఇష్టంతో మిగిల్చి పోయిన తోట అది.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలని నాకనిపిస్తుంది. ఇలాంటి ఇళ్ళలో ఆడవాళ్ళ కథలు ఎప్పుడూ అభిరుచి కథలుగా వస్తాయి. తోట వేసింది, బొమ్మలు గీసింది, పూలు పెంచింది, వస్తువులు సేకరించింది. యుద్ధమూ, దోపిడీ, పన్నులూ మగవాళ్ళ కథలు. ఆ రెండూ వేరువేరు గదుల్లో ఉంటాయి. చూసేవాళ్ళు మగవాళ్ళ గదిలో కాస్త ఇబ్బంది పడి, ఆడవాళ్ళ గదిలోకీ తోటలోకీ వచ్చి ఊపిరి పీల్చుకుంటారు. అంటే స్త్రీల చరిత్ర ఆ ఇంటికి క్షమాపణ పత్రంలా పనికొస్తోంది. మనం కోరుకున్న స్త్రీల చరిత్ర ఇది కాదు.

హెన్రియెటా దగ్గరికి వస్తాను. ఆమె పోయిస్‌లో పుట్టింటి పిల్ల, హెర్బర్ట్‌ల ఆడపడుచు. 1784లో ఆమె పెళ్ళాడిన ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ పెద్ద కొడుకు. పాత వంశం పేరుకీ ఇండియా నుంచి వచ్చిన కొత్త డబ్బుకీ జరిగిన పెళ్ళి అది. 1801లో ఆమె అన్నదమ్ముడు పెళ్ళి లేకుండా చనిపోయాడు. రక్తసంబంధం ఆమెది. ఎర్ల్ బిరుదు మాత్రం 1804లో ఆమె భర్తకు ఇచ్చారు. మేనమామ ఆస్తి దక్కడానికి ఆమె కొడుకు 1807లో క్లైవ్ అన్న ఇంటిపేరు మార్చుకుని హెర్బర్ట్ అయ్యాడు. ఆస్తి ఆమె గుండా ప్రవహించింది, ఆమె దగ్గర ఆగలేదు. ఇల్లరికాలూ, దత్తతలూ, మేనరికాలూ తెలిసిన మనకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చేదాకా మన ఇళ్ళలో జరిగిందీ ఇదే. ఇచ్చాక కూడా ఎంతమందికి దక్కిందో మనకు తెలుసు. కాబట్టి పితృస్వామ్యం లెక్కలో హెన్రియెటా నష్టపోయిన మనిషే. అది కాదనను.

1798లో ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. హెన్రియెటా ఇద్దరు కూతుళ్ళతో, వాళ్ళకు చదువు చెప్పే ఇటలీ చిత్రకారిణి అన్నా టొనెల్లీతో కలిసి వచ్చింది. మద్రాసులో పారశీకం నేర్చుకుంది. రాళ్ళూ, ఖనిజాలూ, మొక్కలూ సేకరించింది. 1800 మార్చిలో బయలుదేరి, బెంగుళూరు, శ్రీరంగపట్నం, కోయంబత్తూరు, తంజావూరుల మీదుగా ఏడు నెలలు తిరిగి మద్రాసు చేరింది. భర్త వెంట లేడు. వందలాది మంది నౌకర్లు, ఏనుగులు, ఎడ్లు ఉన్నాయి. పెద్ద పిల్ల హెన్రియెటా ఆంటోనియాకు పదమూడేళ్ళు, చిన్నది షార్లెట్‌కు పన్నెండు. షార్లెట్ కూడా ఒక డైరీ రాసింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ రాసుకుంటూ చేసిన ప్రయాణం యాత్రా సాహిత్యంలో అరుదైనది. హెన్రియెటా రాతలో కుతూహలం ఉంది. పరాయి దేశాన్ని చూసి ముక్కు మూసుకునే దొరసాని కాదు ఆమె. నేర్చుకోవాలన్న ఆరాటం పేజీ పేజీలో తెలుస్తుంది.

కానీ ఆ ప్రయాణం ఎప్పుడు, ఎందుకు వీలైంది? 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఆ రాత్రి సైనికులు ఊరిని దోచుకున్నారు. మిగిలినదాన్ని తర్వాత అధికారికంగా లెక్కగట్టి, హోదాను బట్టి పంచారు. టిప్పు బంగారు సింహాసనాన్ని ముక్కలు చేసింది ఆ పంపకానికే. ఇంకా ఏడాది నిండకుండానే హెన్రియెటా ఆ దారుల్లో బయలుదేరింది. ఆమె స్వేచ్ఛగా తిరగడానికి కావలసిన దారిని సైన్యం ముందే చదును చేసింది.

పోయిస్‌లోని క్లైవ్ మ్యూజియంలో ఆ సింహాసనం మీది బంగారు పులితల ఒకటి ఉంది. రత్నాలు తాపిన చిన్న తల, పిడికిట్లో పట్టేంత. అన్నా టొనెల్లీ 1800లో వేసిన నీటిరంగుల చిత్రం ఉంది. సింహాసనం మీద కూర్చున్న టిప్పు బొమ్మ అది. అప్పటికి మనిషీ లేడు, సింహాసనమూ లేదు. చిత్రకారిణి రెండిటినీ కాగితం మీద మళ్ళీ కూర్చింది. టిప్పు గుడారం కూడా ఈ ఇంటిదే. పద్దెనిమిదో శతాబ్దపు అద్దకం బట్టతో కుట్టింది, లోపలి వైపంతా పూలకుండీల వరసలు. యుద్ధభూమిలో సుల్తాను తలదాచుకున్న ఆ బట్టల తోటను, తర్వాత కాలంలో ఈ కుటుంబం పోయిస్ తోటలో విందులకు పందిరిగా వాడుకుంది. 2015లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం భారతదేశపు వస్త్రాల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టినప్పుడు చాలామంది చూశారు. ఆ పూలు అద్దిన వాళ్ళెవరో ఏ చీటీలోనూ ఉండదు.

వీటన్నిటికీ కలిపి 'కలెక్షన్' అని పేరు. వెయ్యికి పైగా వస్తువులు. విమర్శకురాలిగా నాకు ఆ మాట దగ్గర ఆగాలనిపించింది. ఇంగ్లీషులో ఆ మాటకు అభిరుచి వాసన ఉంది. గవ్వలు ఏరుకున్నట్టు, సీతాకోకచిలుకల్ని దాచుకున్నట్టు. తెలుగులో కలెక్షన్ అంటే వసూలు. జిల్లాకు పెద్దను మనం ఇప్పటికీ కలెక్టరు అంటున్నామంటే ఆ మాట మన దగ్గరికి ఏ పని మీద వచ్చిందో మన భాషకు గుర్తుంది. హెన్రియెటా యాత్ర ముగిసిన 1800 అక్టోబరులోనే, 12వ తేదీన, నిజాము టిప్పు నుంచి తనకు దక్కిన బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలంటే అవే. వాటిలో పన్ను వసూలుకు ముఖ్య కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. మద్రాసులో గవర్నరు హెన్రియెటా భర్తే. మా మదనపల్లె అప్పుడు కడప కిందిది.

ఉత్తర సర్కారుల కథా ఈ ఇంటిదే. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఆ జిల్లాలకు ఫర్మానా సంపాదించింది రాబర్ట్ క్లైవ్. కోస్తా మామగారి కాలంలో, రాయలసీమ మొగుడి కాలంలో ఆ కంపెనీకి వెళ్ళాయి. తెలుగు నేలలో పెద్ద భాగం ఒకే కుటుంబం రెండు తరాల్లో దస్తావేజుల మీదికి ఎక్కింది. పోయిస్ గదుల్లో తిరిగేటప్పుడు నేను దూరదేశపు చరిత్ర చూస్తున్నట్టు నాకు అనిపించకపోవడానికి కారణం అదే. చెల్లెలు మాత్రం విసుక్కుంది. "ఏమక్కా, పూలు చూడ్డానికొచ్చి ఈ లెక్కలేంది?" అంది. పక్క గదిలో కూర్చున్న స్వచ్ఛంద కార్యకర్త, డెబ్బై దాటిన ఆవిడ, మా సంభాషణ అర్థం కాకపోయినా మా మొహాలు చూసి, ఏమైనా కావాలా అని మర్యాదగా అడిగింది. అమ్మ పులితల చూపించి, ఇది మా వైపుదని చెప్పమంది. చెప్పాను. ఆవిడ తలూపి, మీ ఊరు ఎక్కడ అని పటంలో చూపించమంది. నేను వేలు పెట్టిన చోట మద్రాసుకీ శ్రీరంగపట్నానికీ నడుమ ఖాళీ.

ఆ ఖాళీలో ఉన్న ఆడవాళ్ళ గురించి మాట్లాడదాం. టిప్పు తల్లి ఫాతిమా ఫక్రున్నిసా కడప కోట పాలకుడు మీర్ మొయినుద్దీన్ కూతురు. టిప్పు చనిపోయాక అతని కుటుంబాన్ని వేలూరు కోటలో ఉంచారు. 1806 జూలైలో టిప్పు కూతురి పెళ్ళి జరుగుతున్న సమయంలోనే వేలూరు సిపాయిలు తిరగబడ్డారు. దాని తర్వాత వారసుల్ని కలకత్తాకు తరలించారు. హైదరాలీ భార్య బక్షీ బేగం 1806లో, టిప్పు భార్య పాద్షా బేగం 1834లో చనిపోయారు. వాళ్ళ సమాధులు వేలూరులోనే కోటకు కిలోమీటరు దూరంలో ఉన్నాయి. చిత్తూరు, మదనపల్లె వైపు వాళ్ళం పెద్ద జబ్బు చేస్తే వేలూరు వెళ్ళడం మామూలు. నా చిన్నప్పటి నుంచి ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఆ సమాధుల గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. పోయిస్ తోటకు ఏటా వేలమంది వస్తారు. ఆ గుడారం నీడలో నిజంగా బతికిన కుటుంబం స్త్రీలకు డైరీలు అచ్చవలేదు.

మరొక స్త్రీ గురించి కూడా చెప్పాలి. హెన్రియెటా తంజావూరు వెళ్ళిన నాటికి సుమారు అర్ధ శతాబ్దం ముందు, ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని తెలుగులో 'రాధికా సాంత్వనము' రాసింది. తంజావూరులో అప్పుడు కవిత్వం భాష తెలుగే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా పరిష్కరించి అచ్చు వేయించింది. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించి ప్రతుల్ని పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన 1946-47 కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒకామె ఉత్తరాలు కుటుంబపు బీరువాల్లో, తర్వాత ప్రభుత్వ గ్రంథాలయాల్లో భద్రంగా రెండొందల ఏళ్ళు నిలిచాయి. మరొకామె కావ్యాన్ని ఆ ప్రభుత్వపు పోలీసులే పట్టుకెళ్ళారు. స్త్రీల రచనలు మరుగున పడ్డాయని మనం అంటాం. ఏ స్త్రీ రచన ఏ ఇంటి మరుగున పడింది, ఎవరి రచనను ఎవరు మరుగుపరిచారు అన్నది కూడా అడగాలి.

సూసీ తారూ, కె. లలిత 1991లో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటానికి రాసిన ముందుమాటను ముద్దుపళని ఉదంతంతోనే మొదలుపెట్టారు. స్త్రీల రచనను వెలికితీయడం ఒక్కటే చాలదని, ఆ రచన ఏ అధికారాల నడుమ పుట్టిందో, ఏ అధికారాలతో రాజీపడిందో చదవాలని వాళ్ళు అక్కడే వాదించారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట సిలబస్ కమిటీల దాకా ఇంకా రాలేదు. స్త్రీ రాసింది కాబట్టి చేర్చాలి అనే వాదనా, దొరసాని రాసింది కాబట్టి తీసెయ్యాలి అనే వాదనా రెండూ ఒకే పని చేస్తున్నాయి. రచనను చదవకుండా, రాసిన మనిషి గుర్తింపు చూసి తీర్పు చెబుతున్నాయి.

గడీల విషయంలో మనకు ఈ స్పష్టత ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళెవరూ గడిలోని దొరసాని నగల్ని చూసి ఆమె అభిరుచిని మెచ్చుకుని ఊరుకోరు. ఆమెతో పాటు పుట్టింటి నుంచి వచ్చిన ఆడబాప ఎక్కడ పడుకునేది అని అడుగుతారు. దొరసాని కూడా ఆ గోడల మధ్య బందీయే అన్నది నిజం. ఆడబాప బందిఖానా అంతకన్నా వేరన్నదీ నిజం. ఈ రెండు నిజాల్ని ఒకే ఊపిరిలో చెప్పగలగడం మన స్త్రీవాదం సాధించుకున్న విషయం. సముద్రం దాటి వెళ్ళినప్పుడు దాన్ని ఇక్కడే వదిలి వెళ్ళకూడదు.

బ్రిటన్‌లోనూ ఈ ప్రశ్న నడుస్తోంది. 2020 సెప్టెంబరులో నేషనల్ ట్రస్ట్ తన ఆధీనంలో ఉన్న 93 చోట్లకు వలసపాలనతోనో బానిసల వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని వివరిస్తూ ఒక నివేదిక తెచ్చింది. పోయిస్ అందులో ఉంది. ఇళ్ళూ తోటలూ చూసి హాయిగా టీ తాగి పోయేవాళ్ళకు ఈ చరిత్ర ఎందుకని పత్రికల్లో, పార్లమెంటులో పెద్ద గొడవ చేశారు. మా చెల్లెలు అన్న మాటే అది, కాకపోతే చెల్లెలిది ఆదివారం అలసట, వాళ్ళది రాజకీయం. ఆ నివేదిక రాసినవాళ్ళలో స్త్రీలున్నారు. బెదిరింపులు ఎదుర్కొన్నది కూడా ఎక్కువగా వాళ్ళే.

హెన్రియెటా చిన్న కూతురు షార్లెట్ తర్వాత నార్తంబర్లాండ్ డచెస్ అయింది. 1830లలో విక్టోరియా యువరాణికి గవర్నెస్‌గా పనిచేసింది. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన ఒక పూలమొక్క ఆమె ఇంటి తోటలో పూస్తే, 1828లో జాన్ లిండ్లీ దానికి ఆమె పుట్టింటి పేరు మీద క్లివియా అని పేరు పెట్టాడు. ఇవాళ హైదరాబాదు, బెంగుళూరు నర్సరీల్లో కుండీల్లో అమ్ముతున్న క్లివియా ఆ పేరుదే. ఆఫ్రికా అడవి నీడలో పెరిగే మొక్కకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ప్లాసీ ఇంటిపేరు. పన్నెండేళ్ళ వయసులో కావేరి ఒడ్డున డైరీ రాసుకున్న పిల్లను నేను తప్పుపట్టడం లేదు. పేరు పెట్టే అధికారం తోట దాకా, పువ్వు దాకా ఎలా వచ్చిందో చెబుతున్నాను.

కాబట్టి సిలబస్‌లో హెన్రియెటా ఉంటుంది. ఒంటరిగా ఉండదు. ఆమె డైరీలోని మైసూరు, తంజావూరు భాగాలు చదివే వారంలోనే ముద్దుపళని నిషేధం కథా, నాగరత్నమ్మ ముందుమాటా చదువుతాం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' పక్కన పెట్టి, ఆయన వెంట నడిచిన ఇంటి ఆడవాళ్ళు ఎందుకు రాయలేదో, రాసే వీలు ఎవరికి ఎలా వచ్చిందో మాట్లాడతాం. గుడారం ఫోటో చూపించి, అద్దకం పని గురించి తెలిసిన వాళ్ళను పిలిపిస్తాం. పిల్లల్ని వేలూరు తీసుకెళ్ళడానికి అనుమతి అడిగాను. బస్సు ఖర్చు దగ్గర కాగితం ఆగింది. డబ్బు రాకపోతే చందాలు వేసుకుని వెళ్ళాలని అమ్మాయిలే అంటున్నారు. పాద్షా బేగం సమాధి దగ్గర ఎవరేం రాస్తారో, ఆ రాతలు కూడా ఆ పేపరులో భాగంగా మార్కులకు లెక్కలోకి వస్తాయి.